వేషం విప్పిన యువరాజు

మరకతపురిలో ఆ ఉదయం సూర్యుడికంటే ముందే నగారాలు లేచాయి. కోట బురుజుల మీద పట్టుజెండాలు రెపరెపలాడుతున్నాయి. రాజవీధి పొడవునా పన్నీరు చల్లి ముత్యాల ముగ్గులు తీర్చారు. ప్రసేన మహారాజు ఏకైక పుత్రిక ఇందుకళకూ, చంద్రశిల యువరాజు అమరకేతుకూ ఆ పూటే వివాహం. ఊరు ఊరంతా పెళ్ళివారిల్లయి కూర్చుంది.

విడిది మహలులో మాత్రం పెళ్ళికొడుకు కిరీటం తీసి పక్కన పెట్టి, మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్నాడు.

"నావల్ల కాదు మావా," అన్నాడు.

ఎదురుగా తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడ్డ ముసలివాడు తలుపు వంక ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"మావా అనకురా, కొంప ముంచుతావు! పెట్టె మోసేవాణ్ణి యువరాజు మావా అని పిలుస్తాడట్రా ఎక్కడైనా? బయ్యన్నా అను."

అతడు యువరాజు కాడు. పేరు రేచన. ఊరూరా తిరిగి పగటివేషాలు కట్టి బతికే మేళంలో పేరున్న వేషగాడు. ఈ బయ్యన్న అతని మేనమామ. చంద్రశిల అసలు యువరాజు అమరకేతు మాఘమాసంలో వేటకు వెళ్ళినప్పుడు కాలజంఘుడనే మాంత్రికుడు డేగ రూపంలో వచ్చి గుర్రం మీదినుంచి అతణ్ణి తన్నుకుపోయాడు. ఆ సంగతి చూసినవాడు మహామంత్రి సునీథుడొక్కడే. ముసలిరాజు మంచాన పడి ఉన్నాడు. సరిహద్దుల్లో శత్రువులు కత్తులు నూరుతున్నారు. యువరాజు లేడని పొక్కితే రాజ్యం నిలిచేలా లేదు. ఆ సంకటంలో ఆస్థాన జ్యోతిష్కుడు గౌరముఖుడు మంత్రి చెవిలో ఒక ఉపాయం ఊదాడు: "సంతలో రాజు వేషం కట్టిన కుర్రవాణ్ణి చూశాను. అచ్చు మన యువరాజే."

నాలుగు రోజుల ముచ్చట అని చెప్పి సునీథుడు రేచనను కోటకు తీసుకుపోయాడు. ఆ నాలుగు రోజులూ నెలలయ్యాయి. కొలువులో కూర్చోబెట్టారు. సైన్యానికి చూపించారు. ఇప్పుడు పెళ్ళికే తీసుకొచ్చారు.

"రాజు వేషం కట్టావు, రాక్షసుడి వేషం కట్టావు, ఆడవేషం కట్టి ఊరి పెద్దల్నే మురిపించావు," అని బయ్యన్న బతిమాలాడు. "ఇదీ అంతే అనుకోరా అబ్బిగా."

"అంతే ఎట్లా అవుతుంది? మనం వేషం కడితే అది వేషమని చూసేవాళ్ళకు తెలుసు. చివర్లో రంగు కడుక్కుని, సిద్దన్న కొడుకు రేచనను అని చెప్పుకున్నాకే చెయ్యి చాస్తాం. ఇక్కడ రంగు కడుక్కునేదెప్పుడు? ఆ పిల్ల మెడలో తాళి కట్టాకనా? ఇది వేషం కాదు మావా, మోసం."

"నిజం, నిజం అని కలవరిస్తావు! మీ అయ్యా ఇంతే. నిజం కూడు పెడుతుందట్రా? ఉట్టికి ఎగరలేని మనం స్వర్గానికి ఎక్కి కూర్చున్నాం. ఇప్పుడు నువ్వే నిచ్చెన తన్నేస్తానంటావు. నోరు తెరిచావో, నీ తలా నా తలా కోటగుమ్మానికి తోరణాలే!"

తలుపు తెరుచుకుంది. మహామంత్రి సునీథుడు లోపలికి వచ్చాడు. కొన్ని నెలలుగా కంటికి కునుకులేక కళ్ళకింద చారలు కట్టిన మనిషి. వెనకాలే జ్యోతిష్కుడు గౌరముఖుడు మెత్తని చిరునవ్వుతో అడుగు పెట్టాడు.

సునీథుడు కిరీటం వంకా, రేచన వంకా చూశాడు. విషయం అర్థమైంది. కోప్పడలేదు.

"నీ ఒక్కడి నిజం పెద్దదా రేచనా, చంద్రశిల ప్రజలందరి ప్రాణాలు పెద్దవా?"

"నాకంత తెలివి లేదు మంత్రిగారూ. ప్రజల కోసమని మీరు చెప్పమన్న ప్రతి మాటా చెప్పాను. కానీ ఆ రాకుమారి కూడా మనిషే కదా. ఆమె బతుకు ఎవరి లెక్కలోనూ లేదా?"

గౌరముఖుడు ముందుకు వచ్చి రేచన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చల్లగా, రాతిమీది పాకుడులా తగిలింది.

"నాయనా, ఈ లగ్నం దాటితే మళ్ళీ రాదు. మణిపీఠం మీద చెయ్యి ఆనించి నీ పేరు అమరకేతు అని చెప్పు. ఐదక్షరాలు. అంతేగా? లోకంలో ఎవరు ఎవరికి నిజం చెబుతున్నారు గనుక!"

రేచన లేచి కిరీటం పెట్టుకున్నాడు. బయ్యన్న హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. తొందరపడ్డాడు.

రాజవీధిలో ఊరేగింపు కదిలింది. బంగారు జరీగుడ్డ కప్పిన పట్టపుటేనుగు, దాని ముందు వీరణాలు, కొమ్ములు, తప్పెట్లు, వాటి ముందు గంధపు గిన్నెలు పట్టిన ముత్తైదువలు, మేడలమీదినుంచి మల్లెల జడివాన. చిన్నపిల్లలు తండ్రుల భుజాలెక్కి "యువరాజు! యువరాజు!" అని కేకలు వేస్తుంటే, అంబారీలో కూర్చున్న రేచనకు ఆ పిలుపు ఎవరో వెనకాల ఉన్నవాణ్ణి పిలిచినట్లే ఉంది. చెయ్యి ఊపాడు. చెయ్యి తనది కానట్టే అనిపించింది.

కల్యాణమండపం నిండా పచ్చని వెలుగు పరుచుకుంది. నడుమ తెల్లరాతి పీఠం మీద గుమ్మడికాయంత మరకతమణి ఉంది. ఆ నగరాన్ని తరతరాలుగా కాపాడుతున్నది ఆ మణే. దాని వెలుగు ఉన్నన్నాళ్ళూ ఏ మంత్రమూ, ఏ భూతమూ ఆ నగరాన్ని వశం చేసుకోలేదు. అందుకే ఆ ఊరి పెళ్ళిళ్ళన్నిటికీ ఆ మణే సాక్షి. పొరుగుదేశం నుంచి వచ్చిన రేచనకు ఇదంతా తెలియదు. అతనికి అదొక అందమైన రాయి, అంతే.

వధూవరుల మధ్య పట్టుతెర పట్టుకున్నారు. తెర అవతల ఇందుకళ తల వంచుకుని కూర్చుంది గాని, ఆమె మనసు కుతకుతలాడుతోంది. చిన్నతనంలో ధూమశైలం దగ్గరి మునిపల్లెలో ఆమె, అమరకేతు ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. పెంపుడు కోతి కరిచి అమరకేతు ఎడమచెవి తమ్మె చీలిపోయింది. తెల్లవారి మేడమీదినుంచి చూస్తే విడిది వసారాలో తిరుగుతున్న పెళ్ళికొడుకు రెండు చెవులూ చక్కగా ఉన్నాయి. పరుగున పోయి తండ్రికి చెప్పింది. "పెళ్ళివేళ అపశకునపు మాటలేమిటి తల్లీ?" అని ఆయన కసిరాడు. దాదికి చెప్పింది. "రాజుల ఇళ్ళలో చెవులు కుట్టించుకోలేరా? నోరు మూసుకో అమ్మా, నలుగురూ వింటే నవ్వుతారు," అని దాది బాసికం కట్టేసింది.

పురోహితుడు పెళ్ళికొడుకు వైపు తిరిగాడు. "కుమారా, మణిపీఠం మీద కుడిచెయ్యి ఉంచి నీ పేరు, తండ్రిగారి పేరు చెప్పి ఈ కన్యను కోరుకో."

వాద్యాలు ఆగాయి. గౌరముఖుడు మెడ సాచి చూస్తున్నాడు. సునీథుడు కళ్ళు మూసుకున్నాడు.

రేచన పీఠం మీద చెయ్యి ఆనించాడు. పారిపోవడానికి దారి లేదు. ఒకవైపు వెయ్యి కత్తులు, ఇంకోవైపు ఐదక్షరాలు.

"నా పేరు రేచన," అన్నాడు గట్టిగా. "వేషగాడు సిద్దన్న కొడుకుని. యువరాజు అమరకేతును మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఆయన వేషం నేను కట్టాను. ఈమెను కోరుకునే హక్కు నాకు లేదు."

అనేసరికి ఛాతీమీది ఏనుగు లేచి నడిచిపోయినట్లయింది. చస్తాడని తెలుసు. అయినా ఎన్ని నెలల తర్వాతో ఊపిరి బొడ్డుదాకా దిగింది. తన పేరు తన చెవికి ఎంత బాగుందో!

మండపంలో ఆ వెంటనే సముద్రం విరుచుకుపడినట్టు కేకలు లేచాయి.

"ద్రోహం!" అని ప్రసేన మహారాజు పెటపెటలాడుతూ లేచాడు. "నా కూతురి పెళ్ళిపీట మీద వేషగాడా! ఇక్కడికిక్కడే నరకండి వీణ్ణి!"

కత్తులు ఒరలనుంచి సర్రున లేచాయి. రేచన కదల్లేదు. కిరీటం తీసి పీఠం పక్కన పెట్టి మెడ వంచాడు. బయ్యన్న "అయ్యా, వాడికి పిచ్చి! పుట్టు పిచ్చి!" అని అరుస్తూ భటుల కాళ్ళకు అడ్డం పడ్డాడు.

చర్రుమని పట్టుతెర నడిమికి చీలింది. బాసికంతో, పారాణి పాదాలతో ఇందుకళ కత్తులకూ రేచనకూ మధ్యకు వచ్చి నిలబడింది.

"ఆగండి! నాన్నగారూ, పొద్దున నేను మీకేం చెప్పాను? ఇతను అమరకేతు కాడని చెప్పలేదా? కూతురు చెప్తే అపశకునం, వేషగాడు చెప్తే ద్రోహం! ఇక ఈ ఊళ్ళో నిజం ఎవరు చెబితే వింటారు?"

అంతలో పురోహితుడు వేలితో పీఠం వైపు చూపించాడు. మణి భగ్గున వెలిగింది. ఆ పచ్చని వెలుగు స్తంభాల మీదికి, కప్పుమీదికి, జనం ముఖాలమీదికి వరదలా పాకింది. అది గౌరముఖుడి మీద పడగానే జ్యోతిష్కుడు కాలిన కాగితంలా ముడుచుకుపోయి పెడబొబ్బ పెట్టాడు.

"ఛీ, వేషగాడా! ఒక్క మాట! ఒకే ఒక్క అబద్ధం! దాన్ని నీచేత చెప్పించడానికి ఇన్నాళ్ళు పంచాంగాలు మోశాను! అబద్ధపు ప్రమాణం పడితే ఈ మణి బొగ్గయ్యేది. ఈ నగరం నా కాళ్ళకింద ఉండేది!"

అతని మెత్తని చిరునవ్వు సాగి సాగి వంకర ముక్కయింది. ఉత్తరీయం నల్లని రెక్కలై విచ్చుకుంది. చూస్తుండగానే తాటిచెట్టంత డేగ మండపం నడుమ లేచింది. కాలజంఘుడు!

"నేనే వాణ్ణి ఇంటికి పిలిచి పీట వేశానా!" అని సునీథుడు తల పట్టుకుని కూలబడ్డాడు.

డేగ గోళ్ళు చాచి రేచన మీదికి దూకింది. అప్పటిదాకా భటుల కాళ్ళు పట్టుకుని ఏడుస్తున్న బయ్యన్న ఎక్కడినుంచి వచ్చాడో, తాంబూలపు పెట్టెతో సహా అడ్డం పడ్డాడు. గోళ్ళు అతని నడుము చుట్టూ బిగిశాయి.

"వీడైనా సరే!" అని డేగ కికికికి నవ్వింది. "సూర్యుడు కుంకేలోగా ఈ పీఠం మీద చెయ్యి పెట్టి నేను చెప్పిన పేరు చెప్పు వేషగాడా. లేదా నీ మావ ఎముకలు ఏరుకో!"

మండపం కప్పు పగలగొట్టుకుని డేగ ఆకాశంలోకి లేచింది. "ఒరే రేచా! చెప్పకురా! చెప్పకు!" అన్న బయ్యన్న కేక మేఘాల్లో సన్నగిల్లిపోయింది. పొద్దుట చెప్పమని బతిమాలింది ఆ గొంతే.

ప్రసేన మహారాజు మెల్లగా మణి దగ్గరికి వెళ్ళి తడిమి చూసుకున్నాడు. వెచ్చగా, క్షేమంగా ఉంది. తాను నరకమన్న కుర్రవాడు ఆ ఐదక్షరాలూ పలికి ఉంటే ఈపాటికి ఊరు వల్లకాడయ్యేది. ఆయన రేచన వంగిన మెడను తన చేత్తోనే పైకెత్తాడు.

"నాయనా, నా తొందరపాటుకు సిగ్గుపడుతున్నాను. ఏం కావాలో కోరుకో."

"ఒక గుర్రం, ఒక కత్తి ఇప్పించండి ప్రభూ. మా మావను తెచ్చుకుంటాను. అక్కడే ఉంటే యువరాజునూ తెస్తాను."

సునీథుడు వచ్చి రేచన చేతులు పట్టుకున్నాడు. మహామంత్రి కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి గాని, ముఖం తేటపడింది. "చంద్రశిలకు పోయి నేనే చాటింపు వేయిస్తాను రేచనా. యువరాజు లేడని, నేను అబద్ధమాడానని. ప్రజలు నన్నేం చేసినా సరే. ఈ రాత్రి మాత్రం పడుకుంటే నిద్రపడుతుంది."

"మీ సరిహద్దులకు మరకతపురి సైన్యం కాపలా ఉంటుంది," అన్నాడు ప్రసేనుడు. ఒక మాట బయటపడేసరికి ఇన్నాళ్ళ భయానికి మందు అంత సులువుగా దొరికింది!

"డేగ ధూమశైలం వైపు పోయింది," అంది ఇందుకళ బాసికం విప్పుతూ. "అక్కడి దారులు నాకు తెలుసు. నేనూ వెళ్తాను."

"పెళ్ళికూతురివమ్మా నువ్వు!"

"పెళ్ళే లేదు కదా నాన్నగారూ. ఇప్పుడు మీ కూతుర్ని మాత్రమే. ఈసారైనా నా మాట వినండి."

రాజు విన్నాడు.

రెండు గుర్రాలు ఉత్తరద్వారం దాటి గాలిలో తేలిపోయాయి. చెరకుతోటలు, పసుపుమళ్ళు, రెల్లుదుబ్బులు వెనక్కి పరుగెత్తాయి. పొద్దు నడినెత్తిన ఉండగా ధూమశైలం పాదానికి చేరారు. అక్కడ భూమి రెండుగా చీలి పాతాళమంత లోయ పడింది. ఆ లోయ మీద ఒకదానితో ఒకటి మెలివేసుకుని రెండు మహాసర్పాలు ఈ గట్టునుంచి ఆ గట్టుకు వంతెనలా పడుకుని ఉన్నాయి. పొలుసులు ఒక్కొక్కటి డాలంత వెడల్పు. ఎండలో ఇంద్రధనుస్సులా మెరుస్తున్నాయి.

"నాగసేతువు," అంది ఇందుకళ. "మీద ఎండ పడుతున్నంతసేపూ మొద్దునిద్ర. నీడ పడితే లేస్తాయి. వేరే దారి లేదు."

రేచన తన పట్టు ఉత్తరీయాన్ని ముక్కలుగా చింపి గుర్రాల గిట్టలకు చుట్టాడు. కళ్ళాలు పట్టుకుని నడిపించారు. కాళ్ళకింద ఆ బ్రహ్మాండమైన ఒళ్ళు ఊపిరితో లేచి పడుతోంది. నడిమికి చేరారు. ఇందుకళ తలెత్తి చూసి పెదవి కొరుక్కుంది. పడమటినుంచి ఒక నల్లమబ్బు సూర్యుడి వైపు పాకుతోంది.

"ఎక్కు! గుర్రమెక్కు!" అని అరిచింది.

ఇద్దరూ ఎగిరి కూర్చుని డొక్కల్లో పొడిచారు. వెనకాల నీడ తరుముకొస్తోంది. నీడ తాకిన చోటల్లా పొలుసులు నిక్కపొడుచుకుంటున్నాయి. వంతెన మెలి విప్పుకోవడం మొదలైంది. ఎదరి గట్టున కొండంత పడగ ఒకటి లేచి, రెండు నాలుకలు చాపి గాలిని వాసన చూసింది. ఇందుకళ గుర్రం గట్టుమీదికి దూకేసింది. రేచన గుర్రం కాళ్ళకింద వంతెన జారిపోయింది. జంతువు ప్రాణభయంతో ఎగిరి ముందు గిట్టలు గట్టుకు ఆనించింది. వెనక్కి జారుతుండగా ఇందుకళ కళ్ళెం అందుకుని ఒక్క గుంజు గుంజింది. గుర్రం, మనిషి దొర్లుకుంటూ తుప్పల్లో పడ్డారు. పడగ వాళ్ళ తలలమీదుగా వీచి రాళ్ళను కొట్టింది. మబ్బు దాటింది. మళ్ళీ ఎండ పడేసరికి పాము ఆవులించి తల వాల్చేసింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎందుకో పకపకా నవ్వారు.

"రాజకుమారుడివైతే 'భయం లేదు' అనేవాడివి," అంది ఇందుకళ.

"భయమా? నా మోకాళ్ళు ఇంకా తాళం వేస్తున్నాయి రాకుమారీ!"

"ఒరే రేచా! నవ్వింది చాలు గానీ పైకి చూడరా!"

ఉలిక్కిపడి తలలెత్తారు. రేగుచెట్టు కొమ్మల్లో తలకిందులుగా వేలాడుతూ, ఒళ్ళంతా ముళ్ళతో, బయ్యన్న!

రేచన చెట్టెక్కి మావను దింపి, గట్టిగా వాటేసుకుని వదల్లేదు. బతికే ఉన్నాడు. తిడుతూనే ఉన్నాడు. ఇంకేం కావాలి?

"వదలరా, ముళ్ళు దిగుతున్నాయి! వాడు ఇంత ఎత్తుకు తీసుకుపోయి, 'నీ మేనల్లుడు అబద్ధం చెప్తాడా, చెప్పడా?' అని అడిగాడు. చెప్తాడంటే బతికేవాణ్ణేమో. 'వాడు మా సిద్దన్న కొడుకురా, చచ్చినా చెప్పడు' అన్నాను. ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో నాకే తెలీదు. వాడు ముక్కుతో పొడవబోయాడు. చేతిలో తాంబూలపు పెట్టె ఉందిగా. మూత తీసి సున్నమంతా వాడి కంట్లో కొట్టాను! గోళ్ళు వదిలేశాడు, ఇదిగో ఈ చెట్టులో వచ్చి పడ్డాను."

ఇందుకళ చప్పట్లు కొట్టింది. బయ్యన్న ఆమెకు దణ్ణం పెట్టి, గొంతు తగ్గించాడు. "అమ్మా, పైనుంచి ఒకటి చూశాను. ఈ కొండ నెత్తిన బావిలాంటి గొయ్యి ఉంది. అడుగున నీళ్ళు, నీళ్ళ నడుమ రాయి, రాయిమీద గొలుసులతో ఒక మనిషి. ఎవరో దొరబిడ్డలాగే ఉన్నాడు."

గుర్రాల పగ్గాలు, అడవితీగెలు కలిపి తాడు పేనారు. కొండ నెత్తికి చేరేసరికి పొద్దు వాలుతోంది. తాడు ఒక కొస రాతికి కట్టి, ఇందుకళ, బయ్యన్న పట్టుకున్నారు. కత్తి నడుమున దోపుకుని రేచన గొయ్యిలోకి దిగాడు.

గోడలనిండా నాచు. కిందికి దిగేకొద్దీ చలి ఎముకల్లోకి పాకింది. నల్లని నీళ్ళ మధ్య ఎత్తైన రాతిమీద మాసిన గడ్డంతో, చిక్కిన ఒంటితో ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు. ఎడమచెవి తమ్మె చీలి ఉంది. అతడు తలెత్తి, పెళ్ళిబట్టల్లో దిగివస్తున్న తన ముఖాన్ని చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. చేతిగొలుసు పోగుచేసి గిరగిర తిప్పాడు.

"మళ్ళీ వచ్చావా మాయా! నిన్న మా అమ్మ రూపంలో వచ్చావు. మొన్న మా గుర్రంలా సకిలించావు. ఇవాళ నా రూపమే కట్టుకొచ్చావా? దగ్గరికి రా, తల పగలగొడతాను!"

గొలుసు రివ్వున రేచన చెవి పక్కనుంచి పోయి రాతిని చిట్లించింది. రేచన రాతి అంచున దిగి, ఖాళీ చేతులు చూపించాడు.

"నేను మాయను కాను. మిమ్మల్ని విడిపించడానికి వచ్చాను."

"మాయ కూడా రోజూ అదే అంటుంది!"

రేచన తడబడ్డాడు. ఏ సాక్ష్యం చూపించగలడు? ఉన్నదున్నట్టు చెప్పడమే మిగిలింది.

"అయ్యా, నా పేరు రేచన. పగటివేషగాణ్ణి. మీరు లేనన్నాళ్ళూ మీ బట్టలు కట్టుకున్నాను. మీ సింహాసనం పక్కన కూర్చుని మీ జీతగాళ్ళ చేత దణ్ణాలు పెట్టించుకున్నాను. మీ మంచం మెత్తగా ఉందని హాయిగా పడుకున్నాను కూడా. ఈ పొద్దున మీ పెళ్ళిపీట మీద కూర్చున్నాను. తాళి కట్టలేక లేచి వచ్చేశాను. మీకు కోపం వస్తే న్యాయమే. కానీ ముందు గొలుసు కొయ్యనివ్వండి. కొట్టడం పైకి వెళ్ళాక కొట్టండి."

అమరకేతు చేతిలోంచి గొలుసు జారింది. మెల్లగా అతని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. ఆ గోతిలో నవ్వు వినిపించి ఎన్నాళ్ళయిందో, గోడలు దాన్ని రెండుమూడుసార్లు తిప్పి పలికాయి.

"నువ్వు మాయవు కావు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "మాయ ఎప్పుడూ నాకు నచ్చే మాటే చెప్పేది. నువ్వు చెప్పిందాంట్లో నాకు నచ్చిన మాట ఒక్కటి లేదు. నిజమే అయి ఉంటుంది." గొలుసుల చేతులు రెండూ ముందుకు చాపాడు. "కొయ్యి తమ్ముడూ."

రేచన కత్తి దూసి మొదటి వేటు వేశాడు. కుడిచేతి గొలుసు తెగి నీళ్ళలో పడింది. రెండో వేటుకు కత్తి ఎత్తాడు.

పైన గొయ్యి మూతిలోని ఆకాశం ముక్క ఉన్నట్టుండి నల్లబడింది. రెక్కల చప్పుడు. "రేచనా!" అని ఇందుకళ కేక. "పట్టుకోమ్మా, వదలకు!" అని బయ్యన్న అరుపు. ఆ వెంటనే తాడు, పైకొస తెగి, మెలికలు తిరుగుతూ వచ్చి వాళ్ళ కాళ్ళముందు పడింది.

ఒక కన్ను సున్నంతో తెల్లగా ఉడికిపోయి, మరో కన్ను నిప్పులా మండుతూ, కాలజంఘుడు గొయ్యిలోకి తొంగిచూశాడు. ఒకే ముఖంతో ఇద్దరు కనిపించారు. ఏ తలను కొట్టాలో తెలియక ఆ వంకర ముక్కు ఒక్క క్షణం గాలిలో ఆగింది.

ఆ క్షణం చాలు. "ఎడమచెయ్యి!" అని అరుస్తూ రేచన రెండో వేటు వేశాడు. ఎడమచేతి గొలుసూ తెగి పడింది.